తేనెకు తోడు

మూడు రాళ్ల మీద మోకాలెత్తు మట్టికుండ బోర్లించి ఉంది. కింద మంట లేదు. నిప్పుల మీద పేర్చిన కట్టెపేళ్లు నిదానంగా రాజుకుంటూ పొగను కుండ కడుపులోకి పంపుతున్నాయి. పక్కనే పొట్టి పీట మీద కూచున్న ఎమామా కుండను ఓ పక్కకు కాస్త ఎత్తి, మూతి దగ్గర ముక్కు పెట్టి చూసి, మళ్లీ దించేసింది. పొగ ఇంకా పట్టలేదన్నమాట.

2012 జనవరి. ఇథియోపియాలో తానా సరస్సు ఒడ్డున ఉన్న బహర్ దార్‌లో మా వారు యూనివర్సిటీలో లెక్కలు చెబుతున్న రోజులు. అప్పట్లో ఆ దేశపు కాలేజీల్లో తెలుగు మాస్టార్లు చాలామందే ఉండేవారు. మేం అద్దెకున్న వాటా ఎమామాదే. అది ఆవిడ పేరు కాదు. అమ్హారిక్ భాషలో పెద్దావిడను గౌరవంగా, చనువుగా పిలిచే పిలుపు. ఆవిడ నన్ను ‘లిజే’ అనేది, అంటే బిడ్డా అని. వాళ్ల తమ్ముడి మనవడికి తిర్ నెలలో పెళ్లి కుదిరింది. మనకు మాఘం ఎలాగో వాళ్లకు తిర్ అలా పెళ్లిళ్ల నెల. పెళ్లికి తేజ్ ఈవిడే వేయాలని చుట్టాలంతా పట్టుబట్టారు.

తేజ్ అంటే తేనెను నీళ్లలో కలిపి పులియబెట్టిన పానీయం. బట్టీ పెట్టి ఆవిరి పట్టేది కాదు కాబట్టి సారా అనకూడదు. మన మాటల్లో వెతికితే ‘తేనెకల్లు’ దగ్గరగా వస్తుంది. మా ఇంటావంటా లేని వస్తువు. డిగ్రీలో సూక్ష్మజీవశాస్త్రం చదివాను కాబట్టి ఈస్టు పని ఎలా ఉంటుందో చూద్దామని నేనూ ఒక పీట లాక్కుని కూచున్నాను. ఆ తర్వాత ఇరవై రోజులు ఆ పెరటి వైపు వెళ్లకుండా ఒక్క పూట కూడా ఉండలేకపోయాను.

కుండ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఆవిడ పనిలో సగం కుండతోనే. వాళ్లు ‘గాన్’ అంటారు. సబ్బు తగలనివ్వదు. మట్టికుండ సబ్బును పీల్చుకుంటుంది, పీల్చుకున్నదాన్ని తర్వాత తేజ్‌లోకి వదులుతుంది. గ్రావా అనే చెట్టు ఆకులు, పచ్చివి, చేదువి, గుప్పెడు నలిపి వాటితోనే లోపలంతా తోమింది. మూడుసార్లు నీళ్లతో తొలిచి ఎండలో ఆరబెట్టింది. ఆ తర్వాతే పొగ. అందుకు రెండు రకాల కట్టె వాడింది. ఒకటి వెయ్‌రా, అడవి ఆలివ్ చెట్టుది. రెండోది గెషో పుల్లలు, వాటి గురించి తర్వాత చెబుతాను. పాలు పోసే పాత్రలకు కూడా వాళ్లు వెయ్‌రా పొగే పడతారు. చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్లింట్లో దాలిలో కాగిన పాలకు ఒక పొగవాసన ఉండేది. ఆ పెరట్లో కూచున్నప్పుడు అదే గుర్తొచ్చింది. పొగలో ఉండే ఫినాల్ జాతి పదార్థాలు కుండ గోడల మీది అక్కరలేని సూక్ష్మజీవుల్ని అణుస్తాయని నేను పుస్తకంలో చదువుకున్నాను. ఎంత పొగ చాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. ఎక్కువ పడితే తేజ్‌కు మసి రుచి వస్తుంది, తక్కువైతే పాత పులుపు మిగిలిపోతుంది. ఎమామా నాలుగోసారి ముక్కు పెట్టి చూసి, కుండను నిలబెట్టి, ‘చాలు’ అన్నట్టు చేయి ఊపింది. అప్పటికి అరగంట దాటింది. ఆవిడ గడియారం చూడలేదు.

అమ్హారిక్‌లో తేజ్‌ను ‘చేస్తారు’ అనరు. విసరడం, పడేయడం అనే అర్థమున్న క్రియ వాడతారు. తేజ్ పెట్టడంలో చేయి తిరిగినవాళ్లను ‘తేజ్ తాయ్’ అంటారు, తేజ్ వేసేవాళ్లని. విన్నవెంటనే నాకు ఆశ్చర్యం వేసింది. మనమూ విత్తనాలు వేస్తాం, ఆవకాయ వేస్తాం, పాలకు తోడు వేస్తాం. చేతిలోంచి వదిలి, ఆపైన దాని పని దాన్ని చేసుకోనిచ్చే పనులకు రెండు భాషలూ ఒకే దారిలో మాట వెతుక్కున్నాయి.

తేనె గొజ్జాం పల్లెల నుంచి వచ్చింది. బహర్ దార్ చుట్టుపక్కల నేల చాలావరకు గొజ్జామే. అక్కడ అక్టోబరు, నవంబరు నెలల్లో పొలాలకు పొలాలు పసుపు తిరుగుతాయి. ‘నుగ్’ అనే నూనెగింజ పంట పూత అది. ఆ పూలను మొదటిసారి చూసినప్పుడు నేను బస్సు కిటికీలోంచి దాదాపు కేకేశాను. అరకులోయలో జనం ఎగబడి ఫొటోలు తీసుకునే వలిసె పూలే అవి! వెర్రినువ్వులని కూడా మనం అంటాం. దాని శాస్త్రీయ నామంలో ‘అబిసినికా’ అని ఉంటుంది, అంటే అబిసీనియాది, ఇథియోపియాకు పాతపేరు. పుట్టిల్లు ఇథియోపియా, మెట్టినిల్లు మన ఏజెన్సీ కొండలు. అక్కడా ఇక్కడా తేనెటీగలు ఆ పువ్వు మీదికే వెళతాయి.

ఎమామా కొన్నది వడకట్టిన తేనె కాదు. పట్టు పట్టుగా, మైనంతో, పుప్పొడితో, అక్కడక్కడా విరిగిన ఈగ రెక్కలతో ఉన్న ముడితేనె. అంగట్లో డబ్బా మూత తీయించి, చిన్న ముద్ద తీసుకుని, రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, నాలుకకు రాసుకుని, రెండు డబ్బాలు తిప్పి పంపేసింది. మూడోది నచ్చింది. పుప్పొడి ఎక్కువున్న తేనె తేజ్‌కు మంచిదని ఆవిడ నమ్మకం. అందులో ఎంత నిజముందో చదువుకున్నదాన్ని కాబట్టి నాకు వెంటనే తట్టింది. తేనెలో నీరు ఐదోవంతు కూడా ఉండదు, మిగతాదంతా దాదాపు చక్కెరలే. ఈస్టుకు తిండి కొండంత ఉంది, కాని కొత్త కణాలు కట్టుకోవడానికి కావలసిన నత్రజని బొత్తిగా తక్కువ. పుప్పొడిలో మాంసకృత్తులుంటాయి, ఆ లోటు కొంత తీరుతుంది. యూరప్‌లో, అమెరికాలో ఇంట్లో తేనె మద్యం చేసుకునేవాళ్లు దీనికోసం ఈస్టు పోషకమని ఒక పొడి కొని కలుపుతారు. ఈవిడకు ఆ పొడి పట్టులోనే వచ్చింది.

ఇక కలపడం. కొలత పాత్ర ఒక్కటే, ఒక పాత రేకు డబ్బా. డబ్బా తేనెకు నాలుగు డబ్బాల నీళ్లు. కొందరు రెండే పోస్తారు, కొందరు ఐదు దాకా పోతారు. నీళ్లు కాచి చల్లార్చింది. తేనెను మాత్రం పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ‘వేడి చేస్తే చచ్చిపోతుంది’ అంది. ఏది చచ్చిపోతుందో ఆవిడ చెప్పలేదు, చెప్పడానికి ఆవిడ దగ్గర పేరు లేదు. తేనెలో, పట్టులో ఈస్టు నిద్రపోతూ ఉంటుంది. అంత చిక్కదనంలో అది పెరగలేదు, తేనె దాని ఒంట్లో నీటిని కూడా లాగేస్తుంది. నీళ్లు తగిలి పలచబడగానే లేస్తుంది. ఎమామా బయటి నుంచి ఈస్టు ఒక్క చిటికెడు కూడా వేయదు. పట్టులో ఉన్నది, పాత కుండ గోడల సందుల్లో మిగిలి ఉన్నది, అవే. అందుకే ఆవిడ నీళ్లను కాచింది, తేనెను కాచలేదు. మొదటిసారి చేసే ఎవరైనా శుభ్రమనుకుని రెండూ కలిపి మరిగిస్తారు. ఆ రెండింటికీ మధ్య గీత ఎక్కడ గీయాలో తెలియడమే పనితనం.

మోచేతి దాకా చేయి కడుక్కుని, ఆ చేత్తోనే కలిపింది. పట్టును అరచేతిలో పట్టుకుని నీళ్లలో ముంచి పిండుతుంటే, తేనె దారాలు దారాలుగా దిగి నీటిలో మాయమైంది. మైనం పైకి తేలింది. గరిటెతో కలిపితే అడుగున తేనె పేరుకుపోయి ఉంటుందిట. వేళ్లకు చిక్కదనం తగలని దాకా కలిపింది.

ఆ రోజు సాయంత్రం అందులోంచి నాలుగు గ్లాసులు ముంచి పిల్లలకిచ్చింది. పులియని ఆ తేనెనీళ్లను ‘బిర్జ్’ అంటారు. మద్యం ముట్టని ముస్లిం ఇళ్లలో పండగలకు దాన్నే పోస్తారు. నేనూ తాగాను. పానకం నుంచి మిరియాలు, ఏలకులు తీసేస్తే మిగిలే రుచి.

మూడో రోజు ఉదయానికి కుండ మూతికి కట్టిన గుడ్డ కింద తెల్లటి నురగ, దాని మీద పసుపు మైనపు తెట్టు. ఎమామా చిల్లుల గరిటెతో ఆ తెట్టు తీసి ఒక గిన్నెలో వేసి, చన్నీళ్లలో కడిగి, ముద్ద చేసి పక్కన పెట్టింది. ఆ మైనం చర్చికి పోతుంది. అక్కడ ప్రార్థనల్లో వెలిగించే సన్నటి పొడుగాటి వత్తులు తేనెమైనంతోనే చేస్తారు.

ఆ తర్వాత గెషో. ఇది లేకపోతే తేజ్ తేజ్ కాదు. ఒక ముదురాకుపచ్చ పొద, ఆకులు నిగనిగలాడుతుంటాయి. చాలా ఇళ్ల పెరళ్లలో కరివేపాకులా పెంచుకుంటారు. మన రేగుచెట్టు కుటుంబానికే చెందింది. ఆకులు ‘తెల్లా’ అనే ఇంటి బీరులోకి ఎక్కువ పోతాయి. తేజ్‌లోకి సన్నటి కొమ్మలు, బెత్తెడు ముక్కలుగా నరికి ఎండబెట్టినవి. ఎమామా పుల్లల్ని నీళ్లలో రుద్ది కడిగి, బెరడు లేచిన చోట గీకి, కుండలోంచి తీసిన నాలుగు గరిటెల ద్రవంలో వాటిని ఉడికించింది. వంటింట్లో వాసన మారిపోయింది. చేదు, దాని వెనక ఎండుగడ్డి, ఇంకా వెనక ఏదో మన వైద్యుడి కషాయం. పూర్తిగా చల్లారాక, పుల్లలతో సహా తిరిగి కుండలో పోసింది. తొందరపడి గోరువెచ్చగా పోసినా ఊరుకోదు.

యూరప్‌లో బీరుకు హాప్స్ పూలు చేసే పనిని ఇక్కడ గెషో చేస్తుంది. చేదు ఇచ్చి తీపిని నిలబెడుతుంది, చెడగొట్టే సూక్ష్మజీవుల్ని కొంత అదుపులో ఉంచుతుంది. నా మటుకు నాకు రుచిలో దాని పాత్రే గొప్పగా తోచింది. తేనె పులిశాక తీపి పోతుంది, పువ్వు వాసన మిగులుతుంది, కాని నాలుక మీద ఆనడానికి ఏమీ ఉండదు. గెషో ఆ ఖాళీలో ఒక వెన్నెముక పెడుతుంది. పప్పుచారులో మెంతిగింజ మాడీ మాడనట్టు వేగితే వచ్చే చేదు ఎంత అవసరమో ఇదీ అంత అవసరం.

ఇక అక్కడి నుంచి చూసేవాళ్లకు పనేమీ జరుగుతున్నట్టు ఉండదు. రోజూ ఉదయం ఎమామా గుడ్డ విప్పి, ముందు చెవి పెట్టేది. రేకుల కప్పు మీద సన్నటి జల్లు పడుతున్నట్టు చప్పుడు. తర్వాత ముక్కు, ఆ తర్వాత పొడుగాటి కర్రతో అడుగు నుంచి కలపడం. పైకి తేలిన పుల్లలు మునుగుతాయి, కూరుకున్న వాయువు భుస్సుమని పోతుంది, అడుగున కూచున్న ఈస్టు లేచి మళ్లీ పనిలో పడుతుంది. చివర్న వేలు ముంచి నాలుకకు రాసుకునేది. జనవరి రాత్రులు చల్లన. కుండకు ఒక పాత గాబీ దుప్పటి చుట్టేది. ఎండాకాలమైతే గెషో వేశాక ఐదారు రోజుల్లో అయిపోయేది చలికి పదిహేను, ఇరవై రోజులు తీసుకుంటుంది. ఆవిడ రోజులు లెక్కపెట్టడం నేను చూడలేదు. చప్పుడు పలచబడే కొద్దీ కలపడం తగ్గించింది.

ఈలోగా నేను నా సొంత ప్రయత్నం మొదలుపెట్టాను. పెద్ద గాజు జాడీ కొన్నాను. ఒక దుకాణంలో అద్దంలా మెరిసే తేనె లీటరు, అంటే దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. నీళ్లు కాచాను, జాడీని వేణ్నీళ్లతో కడిగాను, ఆవిడ కొలతే పాటించాను, గెషో కూడా వేశాను. ఆరు రోజులు గడిచాయి. ఒక్క బుడగ లేదు. ఎమామా వచ్చి జాడీకి చెవి ఆనించి, ‘జిమ్’ అంది. జిమ్ అంటే చప్పుడు లేదని. తేనె ఎక్కడిదని అడిగింది. చెప్పాను. తల అడ్డంగా ఊపి, తన కుండ దగ్గరికి వెళ్లి, అడుగున ఉన్న చిక్కటి మడ్డిని గరిటెడు తెచ్చి నా జాడీలో పోసింది.

తోడు వేసింది! ఇంకో మాట లేదు దానికి. పక్కింటి నుంచి గరిటెడు పెరుగు తెచ్చుకునే అలవాటున్న ఊళ్లో పెరిగినదాన్ని, ఆరు రోజులు నాకే తట్టలేదు. దుకాణం తేనెను కాచి, వడకట్టి మెరిపించారు. దానిలో పుప్పొడి లేదు, ప్రాణమున్న ఈస్టు మిగల్లేదు. నా గాజు జాడీకి పాత జ్ఞాపకం లేదు. నేను శుభ్రం చేసిన చోటల్లా ఎమామా బతకనిచ్చింది. మర్నాటి సాయంత్రానికి నురగ లేచింది.

సంబరంలో జాడీ మూత గట్టిగా బిగించాను. తెల్లారి మూత తిప్పగానే నురగ గోడ దాకా ఎగజిమ్మింది. ఇంకో పూట ఆగి ఉంటే గాజు పగిలేది. తర్వాత కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను. ఈస్టు తిన్న చక్కెర బరువులో దాదాపు సగమే ఆల్కహాలు అవుతుంది, మిగతా సగం కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. నా జాడీలో చక్కెర కిలో పైచిలుకు. అదంతా పులిస్తే వచ్చే వాయువు అర కిలోకు పైనే, ఘనపరిమాణంలో 250 లీటర్లు దాటుతుంది. ఐదు లీటర్ల ద్రవంలోంచి! మూతకు గొట్టం బిగించి, దాని కొసను నీళ్లలో ఉంచే ఏర్పాటు వేరే దేశాల్లో చేస్తారు, వాయువు బయటికి పోతుంది, గాలి లోపలికి రాదు. ఎమామా ఏర్పాటు నాలుగు మడతల నూలుగుడ్డ, వదులుగా కట్టిన తాడు. మొదటిసారి చేసేవాళ్లు ఇంకేది మరిచినా ఇది మరవకూడదు, ఇది ఒంటికి దెబ్బ తగిలే వ్యవహారం.

ఒకప్పుడు ఇంత మంచి తేజ్ మామూలు ఇళ్లకు అందేది కాదట. తేనె రాజుకు కట్టే పన్నుల్లో ఒకటి, తేజ్ రాజుల, దొరల విందుల్లో పోసేది. ఇప్పుడు ఆఫ్రికాలో అన్నిటికంటే ఎక్కువ తేనె తీసే దేశం ఇథియోపియాయే, అందులో పెద్దభాగం తేజ్‌లోకే వెళుతుంది. ఊళ్లలో ‘తేజ్ బేత్’లని తేజ్ అమ్మే ఇళ్లుంటాయి. తేనె ఖరీదు పెరిగాక వాటిలో చాలాచోట్ల చక్కెర, పసుపు రంగు కలుపుతున్నారు. నేను రెండుచోట్ల రుచి చూశాను. తీపి ఉంది, మంట ఉంది, పువ్వు లేదు. ఎమామా కుండ పక్కన పెడితే అది నకలు కూడా కాదు, నాకు నిజంగా బాధ కలిగింది.

ఇది చదివి ఎవరైనా హైదరాబాదులోనో గుంటూరులోనో జాడీ కొనబోతే ఒక్క మాట. మన రెండు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం చేయడం ఎక్సైజు చట్టం కింద నేరం. బిర్జ్ చేసుకు తాగవచ్చు, అది తేనెనీళ్లే. అమెరికాలో ఉన్నవాళ్ల సంగతి వేరు. అమ్మకుండా సొంత వాడకానికి ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా వైన్ చేసుకోవడానికి అక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది, తేనెతో చేసిందీ ఆ లెక్కలోదే. వర్జీనియాలో, మేరీలాండ్‌లో మనవాళ్ల వాడల పక్కనే ఇథియోపియా వాళ్ల కొట్లుంటాయి. గెషో పుల్లలు అక్కడ దొరుకుతాయి.

పెళ్లికి రెండు రోజుల ముందు ఎమామా తేజ్ వడకట్టింది. ఉతికి ఉతికి మెత్తబడిన తెల్లగుడ్డను ఇద్దరు చెరో పక్క పట్టుకున్నారు. పిండనివ్వలేదు, పిండితే మడ్డి దిగుతుంది. దానంతట అది కారే దాకా ఆగాల్సిందే. దిగినది పసుపుపచ్చగా, కొంచెం మబ్బుగా ఉంది. మామిడితాండ్ర పలచటి పొరను వెలుతురుకు పట్టి చూసిన రంగు. దాన్ని ‘బెరెలే’లలో పోసింది. గుండ్రటి కడుపు, సన్నటి పొడుగు మెడ ఉన్న గాజుబుడ్డి అది. మా కాలేజీ లాబ్‌లో ఫ్లాస్కు లాగే ఉంటుంది. మెడను మూడు వేళ్లతో పట్టుకుని తాగుతారు. ఆ ఇరుకు మెడలో వాసనంతా కూడుకుని ఉండి, గుక్క కంటే ముందే ముక్కుకు అందుతుంది.

పోసే ముందు కొంచెం తన అరచేతిలో వంపుకుని తాగింది. ఏలికలకు తేజ్ పోసేవాళ్లు అందులో విషం లేదని చూపించడానికి అలా ముందు తమ చేతిలో పోసుకుని తాగేవారు, ఆ మర్యాద మిగిలింది. తర్వాత నాకిచ్చింది. ముందు తేనె వచ్చింది, తియ్యగా కాదు, తేనెపట్టు దగ్గర నిలబడ్డట్టు. ఆ వెంటనే సన్నటి పులుపు. మింగాక చేదు, చేదు వెనక ఎక్కడో వెయ్‌రా పొగ. ఇరవై రోజుల కింద కుండ మూతి దగ్గర ఆవిడ ముక్కు పెట్టి చూసిన పొగ అది. ఎంతుండాలో అంతే ఉంది.

నాది కూడా తెచ్చి చూపించాను. పన్నెండు రోజులే అయింది, కాని పైన తేటపడింది, బుడగలు తగ్గాయి, నా కళ్లకు అయిపోయినట్టే ఉంది. ఎమామా జాడీకి చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. అరచేతిలో కాస్త వంపుకుని నాలుకకు తగిలించి, నా వంక చూసి, వేళ్లు నాలుగు చూపించింది. ఇంకా నాలుగు రోజులు. అని గుడ్డ మళ్లీ నాలుగు మడతలు వేసి, తాడు వదులుగా కట్టేసింది.